ఎండలో నీటిని పొదుపు చేసే హార్మోను

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలోనే తాడిపత్రి చుట్టుపక్కల గనుల్లో కూలీలు నాపరాళ్లు తీస్తుంటారు. చెమట ధారగా కారుతున్నా ఒంట్లో నీరు అడుగంటకుండా కాపాడేది హార్మోన్లను నేరుగా రక్తంలోకి వదిలే వినాళ గ్రంథుల వ్యవస్థే.

చెమటలో ఉప్పుకన్నా నీరే ఎక్కువగా పోతుంది. దానితో రక్తంలో లవణాల గాఢత పెరుగుతుంది. ఆ పెరుగుదల ఒకటి రెండు శాతమే అయినా మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ పసిగడుతుంది. అక్కడ తయారై, బఠానీ గింజంత పీయూష గ్రంథిలో నిల్వ ఉన్న వాసోప్రెసిన్ అనే హార్మోను రక్తంలో కలుస్తుంది. దాహమూ మొదలవుతుంది.

మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడితే, బయటికి పోయేది దాదాపు ఒకటిన్నర లీటరే. ఎక్కువ నీరు ఈ హార్మోను అవసరం లేకుండానే వెనక్కి చేరుతుంది. చివరి వాటాను మాత్రం వాసోప్రెసిన్ తేల్చాలి. అది తాకగానే మూత్రనాళికల చివరి భాగపు కణాల్లో దాగి ఉన్న ఆక్వాపోరిన్ ప్రోటీన్లు పైపొరకు చేరి నీటికి దారి ఇస్తాయి. ఇదంతా నిమిషాల్లో జరుగుతుంది. మూత్రం రక్తంకన్నా నాలుగు రెట్లు గాఢంగా మారగలదు. ఆక్వాపోరిన్లను కనుగొన్న పీటర్ ఆగ్రే 2003లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు. వాసోప్రెసిన్ లోపించిన కొందరికి రోజుకు పది లీటర్లకు పైగా మూత్రం పోతుంది.

నాకు మరీ అబ్బురమనిపించేది వాసోప్రెసిన్ తగ్గే తీరు. చెంబెడు నీళ్లు తాగితే, అవి రక్తంలో పూర్తిగా కలవకముందే నోరు, గొంతు, జీర్ణకోశం నుంచి మెదడుకు కబురు అందుతుంది. వాసోప్రెసిన్ అప్పుడే తగ్గడం మొదలవుతుంది.

ఉప్పు సంగతి చూసేది మూత్రపిండాల పైన ఉండే అధివృక్క గ్రంథుల నుంచి వచ్చే ఆల్డోస్టీరాన్ అనే హార్మోను. ఎండలో పని మొదలుపెట్టిన వారం రెండు వారాలకు చెమటలోనూ ఉప్పు తగ్గుతుంది. కొత్తగా పనిలో దిగినవారికి ఆ వెసులుబాటు ఇంకా ఉండదు. ఉప్పు వేసిన మజ్జిగ, రాగి అంబలి వారికి నీటితోపాటు ఉప్పునూ అందిస్తాయి.

ఈ హార్మోన్లు ఉన్న నీటిని పొదుపు చేస్తాయే తప్ప లేని నీటిని తేలేవు. వ్యర్థాలు బయటికి పోవడానికి రోజుకు అర లీటరు మూత్రమైనా కావాలి. ఉపాధి హామీ పనులకు వెళ్లే ఆడవాళ్లు మరుగు లేక దాహాన్ని అణచుకోవడం నన్ను బాధిస్తుంది. మూత్రం రోజంతా చిక్కగా ఉంటే మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. వారిని నీళ్లు తాగమనే ముందు పనిచోట మరుగుదొడ్డి కట్టాలి.

వృద్ధుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వయసుతో దాహం మందగిస్తుంది, మూత్రపిండాలూ వాసోప్రెసిన్‌కు మునుపటిలా స్పందించవు. అడగలేదని ఊరుకోకుండా మధ్యమధ్య వారికి నీళ్లు అందించాలి.