ఆ నల్ల పిట్టకు ఏ జబ్బూ లేదు

ప్రకాశం బ్యారేజీ దిగువన, నీళ్లలో పాతిన గుంజ మీద నల్లటి పక్షి ఒకటి రెక్కలు బార్లా చాపి కదలకుండా నిలబడిందట. కాకి మాత్రం కాదు, దెబ్బ తగిలిందేమోనని గుంటూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని రాసింది. అలాంటిది కనబడితే కీడని వాళ్ల నాయనమ్మ అన్నారట.

అమ్మాయీ, అది నీటికాకి. దానికి దెబ్బా లేదు, నీకు కీడూ లేదు. నలుపుకూ కీడుకూ ముడిపెట్టి మనం ఎన్ని పక్షుల్ని సరిగ్గా చూడకుండానే వదిలేశామో! పేరులో కాకి ఉన్నా ఇది కాకికి చుట్టం కాదు. ముక్కు కొస కొక్కెంలా వంగి ఉంటుంది, కాలి నాలుగు వేళ్లనూ కలుపుతూ చర్మం ఉంటుంది. పొడవు అరమీటరు, ముక్కు పొట్టి అయితే అది చిన్న నీటికాకి. మెడ పాములా సాగి, ముక్కు బాకులా ఉంటే మాత్రం పాముమెడ పక్షి. అదీ ఇలాగే రెక్కలు ఆరేస్తుంది.

ఎందుకు ఆరేస్తాయి? ఈకలు తడవకుండా పూసుకునే నూనెనిచ్చే గ్రంథి ఒంట్లో లేక అని పిల్లలకు చెబుతుంటారు. అది తప్పు. తోక మొదట్లో నూనె గ్రంథి దీనికీ ఉంది. తేడా అంతా ఈక నేతలో ఉంది.

మంగళగిరి మగ్గాలు చూసినవాళ్లకు ఇది ఇట్టే తెలుస్తుంది. గొడుగు గుడ్డలో పోగులు ఒత్తుగా ఉంటాయి. ఆ సన్నటి సందుల్లోకి దిగాలంటే నీటిచుక్క తన ఉపరితలాన్ని సాగదీసుకోవాలి, నీటి పైపొరను బిగించి పట్టే తలతన్యత అందుకు ఒప్పుకోదు. చుక్క జారిపోతుంది. అదే పోగుతో వదులుగా నేస్తే నీళ్లు లోపలికి దిగుతాయి. బాతు ఈక అంతా గొడుగు గుడ్డే. నీటికాకి ఒక్క ఈకలోనే రెండు నేతలు: నడిమి కాడ పక్కన ఒత్తు నేత, అంచుల్లో వదులు నేత. అంచులు తడుస్తాయి. ఒంటిని అంటుకుని పల్చటి గాలిపొర మాత్రం పొడిగా మిగిలి వెచ్చగా ఉంచుతుంది.

అంచులు తడిస్తే లాభమేంటి? ఖాళీ బిందెను కాలవలో అదిమి చూడు, గాలి ఉన్నంతసేపూ పైకి తన్నుకొస్తుంది. కాస్త నీళ్లు పోనిస్తే లొంగుతుంది. నీటికాకి తన బిందెలోకి నీళ్లు రానిస్తుంది. అందుకే ఈదేటప్పుడు ఒళ్లు మునిగి మెడే కనబడుతుంది, చేప వెంట లోపలికి సులువుగా దూసుకుపోతుంది. బయటికొచ్చాక ఆ నీళ్లు వదిలించుకోవాలి కదా!

శ్రీలంకలో గమనించినప్పుడు, నీళ్లలో ఎక్కువసేపు ఉన్న చిన్న నీటికాకి రెక్కలను ఎక్కువసేపు చాపింది. ఎండ, పొడిగాలి పెరిగితే ఆ సమయం తగ్గింది. డిసెంబరు మంచులో ఒకసారి, మే ఎండలో ఒకసారి బ్యారేజీ దగ్గర వాచీ పట్టుకుని నిలబడు. ఎన్నేసి నిమిషాలు చాపిందో నాకు రాయి.