కోడి పందేల నిషేధం: పశువైద్యుడిగా నేను రోజూ వినే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

గోదావరి జిల్లాల్లో పశువైద్యుడికి సంక్రాంతి సెలవు ఉండదు. భోగి మధ్యాహ్నానికల్లా బుట్టల్లో, గోనెసంచుల్లో పుంజులు రావడం మొదలవుతుంది. రొమ్ము కండ చీలిపోయి ఉంటుంది. పక్షికి ఊపిరితిత్తులతో పాటు ఒళ్లంతా గాలి సంచులుంటాయి. కత్తి అక్కడిదాకా దిగితే ఊపిరి తీసినప్పుడల్లా గాయంలోంచి నెత్తుటి బుడగలు వస్తాయి. "డాక్టరుగారండీ, రెండు కుట్లేసి ఓ సూది పొడిచెయ్యండి, కనుమకి మళ్లీ దించాలి" అంటారు. నొప్పి తెలియకుండా చేసి, బతికే అవకాశముంటే కుడతాను. కనుమకి దించడానికి మాత్రం సూది వెయ్యను. నా చికిత్స బల్ల దగ్గర, ఊరి అరుగుల మీద, ఒకటి రెండుసార్లు తనిఖీకి వెళ్లిన చోట నేను విన్న మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: పోట్లాట పుంజు స్వభావం. మనం చేసేదేముంది?

పెరట్లో రెండు పుంజులు కలబడటం నిజమే. ఎవరిది పైచెయ్యో తేలడానికి కలబడతాయి. ఒకటి మెడ దించి పక్కకు తప్పుకోగానే గొడవ సద్దుమణుగుతుంది. రెండోది తరిమినా నాలుగడుగులే. బరిలో ఆ తప్పుకునే దారి లేదు. వెనక్కి తగ్గిన పుంజుని చేత్తో పట్టుకొచ్చి మళ్లీ ఎదురుగా దించుతారు. కాలి వెనక దేవుడిచ్చిన ముల్లుతో జరిగేది గీతలు, దెబ్బలు. దానికి వేలెడంత కత్తి కడితే, ఓడిపోయానని ఒప్పుకునే లోపే ప్రాణం పోతుంది. పైగా నెలల తరబడి మిగతా కోళ్లకు దూరంగా ఒక్కదాన్నే తాడుకి కట్టి పెంచుతారు. ఆ కోపం సహజమని నేనెలా ఒప్పుకోను? నొప్పి తెలిస్తే అరవదా అని కూడా అడుగుతుంటారు. వేటకు గురయ్యే జీవాలు నొప్పిని దాచుకుంటాయి. కదలకుండా కళ్లు సగం మూసుకుని కూర్చున్న పుంజు బాధలో ఉందని అర్థం.

అపోహ: చట్టం జంతువులకే. కోడి పక్షి కదా!

జంతు హింస నివారణ చట్టం, 1960లో 'జంతువు' అంటే మనిషి కాని ఏ ప్రాణైనా. కోడి కూడా అందులోకి వస్తుంది.

అపోహ: కత్తి కట్టకుండా ఆడితే తప్పు లేదు.

ఈ మాట ప్రతి జనవరిలో కొత్తగా పుడుతుంది. ఆ చట్టం 11వ సెక్షన్‌లో వినోదం కోసం ఒక జంతువును ఇంకోదాని మీదికి ఉసిగొల్పడం నేరం, పోట్లాటకు చోటు నడపడం నేరం. కత్తి ప్రసక్తే అక్కడ లేదు. కత్తి లేకపోతే గాయం తగ్గుతుంది గానీ నేరం పోదు. పందెం డబ్బు కూడా ఉంటే 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం అదనం.

కత్తి కట్టిన చోట ప్రమాదం కోడి ఒక్కదానికే కాదు. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో తన పుంజు కాలికున్న కత్తే తగిలి ఒక మనిషి చనిపోయాడు. ఆ పుంజుని పోలీస్ స్టేషన్‌లో కట్టేసి మేపారు. 2023 సంక్రాంతికి మన గోదావరి ప్రాంతంలోనే ఇద్దరి ప్రాణాలు పోయాయి.

అపోహ: జల్లికట్టుకి సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఇక కోళ్లకీ అడ్డు లేదు.

దీన్ని కాస్త నిదానంగా చెప్పాలి. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను ఆపేసింది. 2017 జనవరిలో చెన్నై మెరీనా తీరంలో జనం పోటెత్తాక తమిళనాడు తన మట్టుకు కేంద్ర చట్టాన్ని సవరించుకుంది. బురదలో దున్నపోతులను పరుగెత్తించే కంబళ కోసం కర్ణాటక, బండ్ల పందేల కోసం మహారాష్ట్ర అదే దారి పట్టాయి. జంతు హింస నివారణ, కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చెయ్యగల ఉమ్మడి జాబితాలోని అంశం కాబట్టి, రాష్ట్రపతి ఆమోదంతో ఒక రాష్ట్రం అలా చెయ్యగలదు. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం సమర్థించింది ఆ మూడు రాష్ట్రాల సవరణలనే. అందులో కోడి పందేల మాట లేదు. ఆంధ్రప్రదేశ్ అలాంటి సవరణేదీ చెయ్యలేదు. చెయ్యాలనుకునే నాయకుడు అసెంబ్లీలో బిల్లు పెట్టి, కాలికి కత్తి కట్టడం ఎందుకు సబబో నిలబడి చెప్పాలి. ఆ పని ఎవరూ తలకెత్తుకోరు. బరి దగ్గర రిబ్బను కత్తిరించడానికి మాత్రం వస్తారు. నాకు కోపం తెప్పించేది ఇదే.

అపోహ: ఇది మన వీరుల సంప్రదాయం.

పాతదేనని ఒప్పుకుంటాను. కానీ మనం గొప్పగా చెప్పుకునే పల్నాటి కథనే ఒకసారి గుర్తు చేసుకోండి. కోడి పందెంలో ఓడిన మాచర్లవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోయారు. చివరికి కారంపూడి నేలమీద సవతి అన్నదమ్ముల వర్గాలు ఒకరినొకరు చంపుకున్నాయి. మన పెద్దలు ఆ కథను ఒక దుఃఖంగా పాడారు. ఇప్పటి బరి చుట్టూ ఉన్నది మాత్రం ఫ్లడ్ లైట్లు, ఎల్ఈడీ తెరలు, గుండాట జూదం బల్లలు, పేకాట శిబిరాలు, మందు. ముగ్గూ గొబ్బెమ్మా హరిదాసూ వీటికి ఎంతో దూరంలో ఉన్నాయి.

అపోహ: పోలీసులు తలుచుకుంటే ఒక్కరోజులో ఆగిపోతుంది.

సగం నిజం. మిగతా సగం చట్టంలోనే ఉంది.

మొదటిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. 1960లో రాసిన అంకెలు ఇవి. పెంచాలని 2022 నవంబరులో కేంద్రం ముసాయిదా విడుదల చేసింది, అది చట్టం కాలేదు. ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. 31వ సెక్షన్ ప్రకారం చోటు నడిపినవాణ్ని పోలీసులు వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. పుంజుని ఉసిగొల్పినవాడి నేరం ఆ జాబితాలో లేదు. అంటే బరిలో పుంజుని పట్టుకుని నిలబడ్డవాడి కన్నా, బరి వేయించి ఇంట్లో కూర్చున్నవాడి మీదే చట్టం చెయ్యి బలంగా పడుతుంది. కానీ కేసుల్లో కనిపించేది మొదటివాడే.

2016 డిసెంబరులో అప్పటి ఉమ్మడి హైకోర్టు పందేలను అడ్డుకోవాలని గట్టిగా ఆదేశించింది. మండల స్థాయిలో తనిఖీ బృందాలు వెయ్యమంది. జనవరి మొదటి వారంలో అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. బైండోవర్లు జరుగుతాయి, అంటే పందేలు వెయ్యబోమని పూచీకత్తు రాయించుకుంటారు; బరులను ట్రాక్టర్లతో దున్నిస్తారు, కత్తులు పట్టుకుంటారు, మైకులో హెచ్చరిస్తారు. భోగి పొద్దున ఒక ఫోను వస్తుంది. ఎవరి నుంచో ఎవరూ చెప్పరు. మధ్యాహ్నానికి దున్నిన చోటే మళ్లీ చదును చేసి కంచె కడతారు. నేను వెళ్లిన తనిఖీలో ఒక కుర్ర ఎస్సై నన్ను పక్కకి పిలిచి, "మీరు రాసేది రాయండి సార్, నేను మాత్రం రేపటికి ఈ స్టేషన్‌లో ఉండాలి" అన్నాడు. అతన్ని తప్పు పట్టలేకపోయాను. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ మూడు రోజులూ ఇలాగే గడుస్తాయి. కనుమ సాయంత్రం మళ్లీ నిషేధం గుర్తొస్తుంది. మండలంలో పనిచేసే చిన్న ఉద్యోగి ఒక్కడి మీద ఈ బరువు పెట్టి, పైవాళ్లు చూడనట్టు ఉంటే ఏ నిషేధమూ నిలబడదు.

అపోహ: పట్టుకున్న పుంజులకు ఇక భద్రత దొరికినట్టే.

ఏ స్టేషన్‌లోనూ కోళ్లు పెంచే ఏర్పాటు ఉండదు. 2017లో వచ్చిన కేంద్ర నిబంధనలు కేసులో ఉన్న జంతువులను సంరక్షణ కేంద్రాలకు అప్పగించమంటాయి. అలాంటి కేంద్రం దగ్గర్లో ఎన్ని మండలాలకుంది? 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ శివారు మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో దొరికిన పుంజులకు కోర్టు వేలమే దారైంది. పందెం పుంజుకి వేలంలో పందెంగాళ్లే ఎక్కువ పాడతారు. ఇది సరిచెయ్యనిదే దాడులకు అర్థం లేదు.

అపోహ: పందేలు ఆగితే అసీల్ జాతి అంతరిస్తుంది.

మంచి అసీల్ పుంజులు పందెంగాళ్ల పెరట్లలోనే ఉన్నాయన్నది నిజం. ఆ మేపు, ఆ శ్రద్ధ, డేగ, కాకి, నెమలి, పింగళ అంటూ ఈక చూసి రంగు చెప్పే ఆ కన్ను చూస్తే నాకు ముచ్చటే. కానీ జాతిని నిలిపేది పెంపకం, పందెం కాదు. అసీల్ అధికారికంగా నమోదైన దేశీ జాతి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో ఏ బరీ లేకుండానే పెంచుతున్నారు. నాటుకోడికి ఉన్న గిరాకీలో ఆ పెంపకందారులకు పిల్లల అమ్మకం, ప్రదర్శన పోటీలు చాలు. ప్రభుత్వం చెయ్యి అందించాల్సింది అక్కడ.

అపోహ: పందెం కోడి మాంసం బలం.

బాదం, జీడిపప్పు, వేటమాంసం తిని పెరిగిందని ఎగబడి కొంటారు. ఆ ఒంట్లోకి ఏ నొప్పి మందులు, ఏ స్టెరాయిడ్లు ఎప్పుడు ఎక్కించారో కొనేవాడికి తెలియదు. ఎక్కడెక్కడి పుంజులో ఒకచోట చేరితే కోళ్లను చంపే కొక్కెర తెగులు పాకడం తేలిక. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరు ప్రాంతాల్లో బర్డ్ ఫ్లూ తేలింది. దానికి బరులే కారణమని నేననను. ఆ సమయంలో కోళ్లను ఊళ్లు దాటించడం ఎంత ప్రమాదమో మాత్రం అప్పుడు అందరికీ కళ్లారా తెలిసింది.

అపోహ: పొలం ఇచ్చాను అంతే. నాకేం సంబంధం?

పైన చెప్పిన 11వ సెక్షన్ చోటు ఇచ్చినవాణ్నీ నేరస్థుడంటుంది. ఇంకో సంగతి, ఈ చట్టం కింద కేసు నేరం జరిగిన మూడు నెలల్లోపే వెయ్యాలి. సంక్రాంతి నేరానికి ఏప్రిల్ మధ్యతో గడువు తీరిపోతుంది. కాబట్టి ఫిర్యాదు చేసేవాళ్లు తేదీ, ఫొటో, పొలం సర్వే నెంబరు వెంటనే రాసి పెట్టుకోవాలి.

నిరుడు మా పక్క ఊరి రైతొకాయన ఇది విని ఆ సెక్షన్ నెంబరు కాగితం మీద రాయించుకున్నాడు. బరి కోసం వచ్చినవాళ్లకు అది చూపించి, "మా అబ్బాయి ఉద్యోగానికి పరీక్షలు రాస్తున్నాడండి, కేసొద్దు" అని పొలం ఇవ్వనన్నాడు. బరి రెండు చేల అవతల వెలిసింది. ఆ చేను సర్వే నెంబరు కనుక్కుని, జనవరి దాటకముందే ఫిర్యాదులో రాసిచ్చాను.