కంపెనీ స్ట్రైక్ ఆఫ్ అయ్యిందా? ముందు ఈ అపోహలు వదలండి

బెంగళూరులో కంపెనీ సెక్రటరీగా నా దగ్గరికి వచ్చేవాళ్లలో మనవాళ్లు చాలామంది. అనంతపురం, కడప, నెల్లూరు వైపు నుంచి వచ్చి మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ సర్వీసులు పెట్టినవాళ్లు, పీణ్యలో చిన్న యూనిట్ నడిపేవాళ్లు. పనిలో దిట్టలు. రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్, అంటే ఆర్ఓసీ రికార్డుల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ పేరు పక్కన ‘స్ట్రైక్ ఆఫ్’, అంటే రిజిస్టర్ నుంచి పేరు కొట్టేశారని కనిపించాక టెన్షన్ మొదలవుతుంది. అప్పటికే తెలిసినవాళ్లు తలో మాటా చెప్పి ఉంటారు. ఆ మాటలే ఎక్కువ నష్టం చేస్తున్నాయి.

అపోహ: టర్నోవర్ లేదు, ఐటీ రిటర్న్ వేస్తున్నాం, అది చాలు.

ఆదాయపు పన్ను వేరు, ఆర్ఓసీ వేరు. వార్షిక సమావేశం జరిగిన 30 రోజుల్లో లెక్కలు ఏఓసీ-4 ఫారంలో, 60 రోజుల్లో వార్షిక రిటర్న్ ఎంజీటీ-7 ఫారంలో ఆర్ఓసీకి వేయాలి. చిన్న కంపెనీలకైతే ఎంజీటీ-7ఏ. ఒక్క రూపాయి వ్యాపారం లేకపోయినా వేయాల్సిందే. కొంతకాలం ఆపుకోవాలనుకుంటే కంపెనీల చట్టం 455వ సెక్షన్ కింద డార్మెంట్, అంటే పని ఆపి ఉంచిన కంపెనీ హోదా అడగొచ్చు. అదీ అడగకుండా వరసగా రెండు ఆర్థిక సంవత్సరాలు వ్యాపారం లేకుండా ఉంటే కంపెనీ పేరు కొట్టేసే అధికారం రిజిస్ట్రార్‌కు ఉంది.

అపోహ: మాకు నోటీసే రాలేదు, కాబట్టి స్ట్రైక్ ఆఫ్ చెల్లదు.

నేను ఎక్కువగా వినే మాట ఇదే. అసలు జరిగేది చూడండి. కంపెనీ పెట్టినప్పుడు అద్దె ఫ్లాట్‌ను రిజిస్టర్డ్ ఆఫీసుగా చూపిస్తారు. ఈమెయిల్ అకౌంటెంట్‌ది ఇస్తారు. తర్వాత ఇల్లు మారతారు, అకౌంటెంటూ మారతాడు. పేరు కొట్టేస్తామని రిజిస్ట్రార్ పంపే ఎస్‌టీకే-1 నోటీసు పాత ఇంటికే వెళ్తుంది. జవాబివ్వడానికి 30 రోజులు గడువు. జవాబు లేకపోతే ఎస్‌టీకే-5 బహిరంగ ప్రకటన, ఆ తర్వాత ఎస్‌టీకే-7తో గెజిట్‌లో పేరు తీసేస్తారు. చిరునామా మారితే 30 రోజుల్లో ఐఎన్‌సీ-22 ఫారం వేయాల్సింది మనమే. అది వేయకుండా ‘నోటీసు అందలేదు’ అంటే కంపెనీ కేసులు చూసే నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ)లో ఆ వాదన నిలబడడం కష్టం. ఎస్‌టీకే-1 చేతికందితే మాత్రం ఆ రోజే కదలండి. పెండింగ్ ఫైలింగులు పూర్తి చేసి, వ్యాపారం నడుస్తోందని కాగితాలతో జవాబిస్తే చాలాసార్లు వ్యవహారం అక్కడే ఆగిపోతుంది. తక్కువ ఖర్చుతో బయటపడే దశ అదొక్కటే.

అపోహ: కంపెనీ పోయిందంటే అప్పులూ పోయినట్టే.

పోవు. డైరెక్టర్లు, సభ్యుల బాధ్యత అలాగే కొనసాగుతుందని 248వ సెక్షన్‌లోనే స్పష్టంగా ఉంది. రావాల్సిన డబ్బు వసూలుకూ, ఇవ్వాల్సింది తీర్చడానికీ తప్ప ఆ కంపెనీ ఇంక పనిచేయడానికి లేదు. బ్యాంకు ఖాతా స్తంభిస్తుంది. క్లయింట్ డబ్బు వేసినా తీసుకోలేరు.

అపోహ: అదే పేరుతో కొత్త కంపెనీ పెట్టేస్తే సరి.

అలా కొట్టేసిన పేరు గెజిట్‌లో వచ్చిన నాటి నుంచి 20 ఏళ్లదాకా ఇంకెవరికీ ఇవ్వరు. పైగా పాన్, ఒప్పందాలు, ఆస్తులు పాత కంపెనీవే.

అపోహ: కోరమంగళ కేంద్రీయ సదన్‌లోని ఆర్ఓసీ ఆఫీసులో తెలిసినవాళ్లుంటే పని అయిపోతుంది.

దయచేసి ఈ మాట చెప్పి డబ్బులడిగేవాళ్లను నమ్మకండి. పొరపాటున గానీ తప్పు సమాచారంతో గానీ పేరు తీసేశారని తేలితే, మూడేళ్లలోపు రిజిస్ట్రారే ట్రిబ్యునల్‌ను ఆశ్రయించొచ్చు. అప్పుడు కూడా ఆదేశం ఇవ్వాల్సింది ట్రిబ్యునలే. మిగతా అందరికీ దారి 252వ సెక్షన్, ఎన్‌సీఎల్‌టీ బెంగళూరు బెంచ్. రిజిస్ట్రార్ ఉత్తర్వుతో నష్టపోయినవారెవరైనా మూడేళ్లలో అప్పీలు చేయొచ్చు. కంపెనీ, సభ్యులు, అప్పిచ్చినవాళ్లు, కార్మికులకైతే గెజిట్ ప్రకటన నుంచి 20 ఏళ్ల గడువుంది. పన్ను బకాయిలుంటే ఆదాయపు పన్ను శాఖే వెళ్లి కంపెనీని బతికించమని అడిగిన కేసులూ ఉన్నాయి.

గడువు అంత ఉంది కదా అని ఊరుకోకూడదు. పేరు తీసేసేనాటికి వ్యాపారం నడుస్తోందని, లేదా పునరుద్ధరించడం న్యాయమని ట్రిబ్యునల్‌కు అనిపించాలి. అందుకు కావలసింది కన్నీళ్లు కాదు, కాగితాలు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ, జీఎస్టీ రిటర్నులు, జీతాల రికార్డు, ఇన్‌వాయిస్‌లు, స్థిరాస్తి పత్రాలు, కోర్టులో కేసుంటే ఆ వివరాలు. ఆలస్యమయ్యే కొద్దీ ఇవి దొరకవు. ఆడిట్ అయిన లెక్కలు లేకుండా పిటిషన్ వేయడానికి తొందరపడకండి, ముందు ఆడిటర్ గారి దగ్గర కూర్చోండి.

అపోహ: ట్రిబ్యునల్ ఆర్డర్ వస్తే లేట్ ఫీజు మాఫీ.

2018 జులై 1 నుంచి ఏఓసీ-4, ఎంజీటీ-7లకు ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు, గరిష్ఠ పరిమితి లేదు. మూడేళ్లవి పెండింగ్ ఉన్నాయనుకోండి. మొదటిది మూడేళ్లు, రెండోది రెండేళ్లు, మూడోది ఏడాది ఆలస్యం. రెండేసి ఫారాలు కాబట్టి మొత్తం 4,38,000 రూపాయలు. ఆర్డర్‌లో సాధారణంగా పాత రిటర్నులన్నీ ఫీజుతో సహా వేయమనే ఉంటుంది, ఖర్చుల కింద ఇంకొంత కట్టమనడమూ మామూలే. 2020లో ఫ్రెష్ స్టార్ట్ స్కీమ్ ఊరటనిచ్చిన మాట నిజం. మళ్లీ అలాంటిది వస్తుందని చూస్తూ కూర్చుంటే ఈ ఆరు ఫారాలకు రోజుకు 600 పెరుగుతూనే ఉంటుంది.

అపోహ: కంపెనీ బతికితే డైరెక్టర్లకూ ఇబ్బంది తీరినట్టే.

నాకు బాధ కలిగించేది ఇదే. ప్రైవేట్ కంపెనీకి ఇద్దరు డైరెక్టర్లు కావాలి కాబట్టి భార్య పేరో, బావమరిది పేరో రాస్తారు. వరసగా మూడేళ్లు ఫైలింగ్ లేకపోతే 164వ సెక్షన్ కింద వాళ్లపైనా ఐదేళ్ల అనర్హత పడుతుంది. ఆ బావమరిదికి సొంత కంపెనీ ఉంటే అక్కడ కూడా డైరెక్టర్ పదవి పోతుంది. కంపెనీ పునరుద్ధరణ ఆర్డర్‌తో డిన్, అంటే డైరెక్టర్ గుర్తింపు సంఖ్య, దానంతటదే యాక్టివ్ కాదు. ఆ ఊరట విడిగా కోరాలి, చాలామంది హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. అందుకే పిటిషన్ రాయించేటప్పుడే లాయర్‌కు డైరెక్టర్లందరి డిన్ పరిస్థితి చెప్పండి.

ట్రిబ్యునల్ ఆర్డర్ ఇచ్చిన తేదీ నుంచి 30 రోజుల్లో దాని కాపీని ఐఎన్‌సీ-28 ఫారంతో ఆర్ఓసీలో వేయాలి. పోర్టల్‌లో స్టేటస్ ‘యాక్టివ్’ అయ్యాక పాత సంవత్సరాల ఫారాలు వరసగా వేసి, ఆ రసీదులూ ఆర్డరూ పట్టుకుని బ్యాంకుకు వెళ్లి ఖాతా తెరిపించుకోవాలి. జీఎస్టీ రద్దయి ఉంటే ఆ అర్జీ వేరు, దాని గడువులూ వేరు. ఇల్లు మారి ఉంటే కొత్త చిరునామాతో ఐఎన్‌సీ-22 కూడా అప్పుడే వేసేయండి.