అల్యూమినియం విమానంలో దాగిన ఉప్పు

అల్యూమినియం తుప్పు పట్టదంటారు కదా, మరి సముద్రంలోంచి తీసిన పాత యుద్ధ విమానాలు ఒడ్డుకు చేరాక తెల్లటి పొడిగా ఎందుకు రాలిపోతాయి? ఇది చాలామంది అడిగే ప్రశ్న. బడిలో పాఠం "పైన ఆక్సైడ్ పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది" అనే వాక్యంతో ఆగిపోతుంది. స్వచ్ఛమైన అల్యూమినియం వరకు ఆ మాట చాలా మట్టుకు నిజమే. కానీ అది మరీ మెత్తన, దానితో విమానం కట్టలేరు.

విమానపు రేకు డ్యురాలుమిన్ జాతికి చెందిన మిశ్రలోహం. 4 శాతం దాకా రాగి, కాస్త మెగ్నీషియం కలిపి, 500 డిగ్రీల సెల్సియస్ దగ్గరగా కాచి, నీళ్లలో ముంచి వదిలేస్తే కొన్ని రోజుల్లో దానంతటదే గట్టిపడుతుందని జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ 1906లో గమనించాడు. ఆ బలంలో పెద్ద వాటా రాగిదే. తుప్పుకు దారి వేసేదీ అదే.

లోహమంతా సన్నని స్ఫటిక రేణువుల కూర్పు. రాగి ఎక్కువగా ఉన్న ముద్దలు రేణువుల సరిహద్దుల్లో పేరుకుంటే, వాటిని ఆనుకుని రాగి తగ్గిపోయిన సన్నటి పట్టీ మిగులుతుంది. ఉప్పునీరు తగిలిందంటే చిన్న బ్యాటరీలా ముద్ద కాథోడ్ (కరగని కొస), పట్టీ ఆనోడ్ (కరిగే కొస). పట్టీ కరగడం మొదలవుతుంది. పైనున్న ఆక్సైడ్ పొర మందం కొన్ని నానోమీటర్లే కాబట్టి, లీటరుకు 19 గ్రాముల క్లోరైడ్ ఉండే సముద్రపు నీరు దాన్ని బలహీనమైన చోట చీల్చేస్తుంది.

అసలు కథ అలా పడిన గుంట లోపల నడుస్తుంది. కరిగిన అల్యూమినియం అయాన్లు నీటితో కలిసి హైడ్రాక్సైడ్‌గా మారుతూ హైడ్రోజన్ అయాన్లను వదులుతాయి. బయట నీటి పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 8 దాకా ఉన్నా గుంటలో అది 4 కంటే కిందికి పడిపోతుంది. లోపల పెరిగిన ధనావేశాన్ని సరిచేయడానికి బయటి క్లోరైడ్ అయాన్లు లోపలికి వస్తాయి. ఆమ్లం, క్లోరైడ్ రెండూ చేరితే ఇంకా లోహం కరుగుతుంది, ఇంకా ఆమ్లం పుడుతుంది. హైడ్రాక్సైడ్ గుంట నోటికి మూతలా గడ్డకడుతుంది. విడిపోయిన రాగి మళ్లీ చుట్టుపక్కల లోహం మీదే పేరుకుని కొత్త కాథోడ్‌లను తయారుచేస్తుంది.

ఈ హైడ్రాక్సైడ్‌కు తాను పుట్టిన లోహం కంటే మూడు రెట్లకు పైగా చోటు కావాలి. రోలర్ల కింద నలిగిన రేకులో, అచ్చులోంచి నెట్టి తీసిన రెక్క దూలంలో రేణువులు చదునుగా పొరలు పొరలుగా ఉంటాయి. సరిహద్దుల్లో చేరిన పొడి పొరలను విడదీసి పైకి లేపుతుంది. తడిసి ఆరిన పుస్తకం ఉబ్బినట్టు లోహం ఉబ్బుతుంది. ఆ దశకు వచ్చిన దూలాన్ని ఎగిరే విమానంలో వాడకూడదు.

ఇసుకలో కూరుకుపోయిన విమానానికి ఆక్సిజన్ అంతగా అందదు కాబట్టి తుప్పు నెమ్మదిస్తుంది. బయటికి తీస్తే ఆక్సిజన్‌కు కొదవుండదు. నీరు ఆరుతున్నకొద్దీ గుంటల్లో క్లోరైడ్ చిక్కబడుతుంది. అందుకే మొదటి నియమం: ఆరనివ్వకూడదు.

1940 ఆగస్టు 26న ఇంగ్లాండ్ తీరంలోని గుడ్విన్ సాండ్స్ దగ్గర కూలిన జర్మన్ డార్నియర్ 17 బాంబర్‌ను 2013 జూన్ 10న పైకి తీసినప్పుడు బ్రిటన్ వైమానిక దళపు ఆర్ఏఎఫ్ మ్యూజియం చేసిందదే. ఆ మ్యూజియం శాఖ ఉన్న కాస్‌ఫర్డ్‌లో ప్లాస్టిక్ సొరంగాల్లాంటి గుడారాలు వేసి, లోపల పలుచటి సిట్రిక్ ఆమ్ల ద్రావణాన్ని చల్లుతూ వచ్చారు. ఆ పద్ధతి వెనుక ఇంపీరియల్ కాలేజ్ లండన్ పరిశోధన ఉంది.

తుప్పు పట్టిన లోహం మీద ఆమ్లమా? ఆక్సైడ్ పొర నిలకడగా ఉండేది పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 మధ్యే. సముద్రంలో దొరికిన ఇనుప ఫిరంగుల ఉప్పు తీయడానికి వాడే సోడియం హైడ్రాక్సైడ్ స్నానం అల్యూమినియాన్ని కరిగించేస్తుంది. సిట్రిక్ ఆమ్లానికి క్షారం కలిపి పీహెచ్‌ను 5.5 దగ్గర నిలబెడితే పని జరుగుతుంది. సిట్రేట్ అల్యూమినియం అయాన్లను పట్టుకుని హైడ్రాక్సైడ్ మూతను వదులు చేస్తుంది, లోపలి క్లోరైడ్ బయటపడుతుంది. ద్రావణాన్ని వడకట్టి తిప్పి చల్లుతూ క్లోరైడ్‌ను కొలుస్తారు. పెరుగుదల ఆగిందంటే ద్రావణం మార్చాలి. కొత్త ద్రావణంలో కూడా పెరగకపోతేనే అయాన్లు తీసేసిన నీటితో కడగాలి. ఆ నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా మసకబారిందా, క్లోరైడ్ ఇంకా ఉంది, పని ఇంకా ఉన్నట్టే.

గవ్వల పెచ్చులను చెక్క లేదా ప్లాస్టిక్ గరిటెలతోనే ఊడదీయాలి. ఉక్కు పీచు వాడితే ఇనుప ముక్కలు రేకులో గుచ్చుకుపోయి ఒక్కొక్కటీ కొత్త కాథోడ్ అవుతుంది. ఇసుకతో కొట్టడం ఇంకా ఘోరం. చాలా విమానపు రేకులకు తుప్పు నుంచి రక్షణగా రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పూత ఉంటుంది. పలుచటి రేకులో అది ఒక్కో వైపు మందంలో 5 శాతం, అంటే 0.8 మిల్లీమీటర్ల రేకుకు 40 మైక్రాన్లు. తళతళలాడే విమానాన్ని చూసి ఆరోగ్యంగా ఉందనుకోవడం ఒక మూఢనమ్మకమే. ఆ మెరుపు కోసం రుద్దినప్పుడల్లా అరిగింది ఆ 40 మైక్రాన్లే.

రేకు మీద రేకు అతికిన చోట నీరు దూరుతుంది గానీ ఆరదు. రేకులను కలిపి బిగించే రివెట్ల (తల ఉన్న లోహపు మేకుల) మధ్య రేకు చిన్న దిండులా ఉబ్బితే ఆ అతుకును విప్పాల్సిందే. రివెట్ కాండం కొలతదో, ఒక సైజు తక్కువదో డ్రిల్ బిట్ తీసుకుని తలను మాత్రమే తొలిచి, వెనుక ఆనిక పెట్టి, కాండాన్ని పంచ్‌తో నెట్టాలి. ఎగరాల్సిన విమానమైతే తుప్పును చివరిదాకా గీకి, ఎక్కువ భారం పడే చోట గుంటను దాని లోతుకు 20 రెట్ల వెడల్పున నున్నగా పరచాలి. వాడిగా ఆగిన అంచు దగ్గరే పగులు పుడుతుంది. ఆపై రంగు ద్రవంతో పగుళ్ల పరీక్ష. కొత్త రివెట్లను నీరు దూరకుండా ఆపే తడి సీలెంట్‌లో ముంచి బిగించాలి. ప్రదర్శనకే పెట్టే విమానంలో ఇంత గీకకూడదు. అసలు లోహం, పాత రంగు పోతే దాచడానికి మిగిలేది తక్కువ.

ఆ పాత రంగుతోనూ జాగ్రత్త. పసుపుపచ్చ ప్రైమర్‌లో చాలాసార్లు జింక్ క్రోమేట్ ఉంటుంది, దాని ధూళి క్యాన్సర్ కారకం. చీకట్లో మెరిసేలా చేసిన డయళ్లలో రేడియం ఉండొచ్చు; మెరుపు ఆరినా, రేడియం అర్ధాయువు 1600 ఏళ్లు.

ఇంజన్లు, చక్రాలు వేరే తలనొప్పి. ఉక్కు, కంచు, అల్యూమినియం, మెగ్నీషియం ఒకే చోట బోల్టులతో బిగించి ఉంటాయి. ఉప్పునీటిలో మిగతావాటి కోసం మెగ్నీషియం కరిగిపోతుంది, చాలాసార్లు ఆ భాగం దొరకనే దొరకదు. మిగిలిన ముక్కను సిట్రిక్ ఆమ్లం కూడా కరిగిస్తుంది కాబట్టి, వీలైతే ముందే విప్పి వేరుగా చూడాలి. దాని పొడికి నిప్పంటుకుంటే నీళ్లు పోయకూడదు. హైడ్రోజన్ పుట్టి మంట పెరుగుతుంది.