కంచె ముందా, ఊరు ముందా: ఒకినావా గొడవ అసలు ఎక్కడ ముదిరింది

జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలోని హెనోకో తీరం మళ్ళీ వార్తల్లోకి వచ్చింది. అదే దీవిలో గినోవాన్ ఊరి నడిబొడ్డున ఉన్న అమెరికన్ సైన్యం ఫుటెన్మా ఎయిర్ బేస్‌ని హెనోకోకి మారుస్తామని జపాన్ ప్రభుత్వం ఏళ్ళ తరబడి సముద్రం పూడుస్తోంది. హెనోకో పక్కనే ఉన్న ఔరా బే అడుగున మెత్తటి బురద గట్టిపడాలని 70 వేలకి పైగా ఇసుక స్తంభాలు దింపే పని 2025 జనవరిలో మొదలుపెట్టారు. ఈ పని నడిచినన్నాళ్ళూ ఏదో ఒక గొడవ లేస్తూనే ఉంటుంది, లేచినప్పుడల్లా ఒక పాత వాదన కూడా బయటికొస్తుంది. ఫుటెన్మా బేస్ కట్టినప్పుడు అక్కడ ఉత్త పొలాలే ఉన్నాయట, మనుషులే లేరట, తర్వాత జనమే డబ్బులొస్తాయని చుట్టూ చేరి ఇప్పుడు విమానాల మోత అని గోల చేస్తున్నారట. 2015లో టోక్యోలో అధికార పార్టీ ఎంపీల మీటింగ్‌లో ఓ పేరున్న నవలా రచయిత కూడా దాదాపు ఇదే అన్నాడు.

1945లో ఒకినావాలో జపాన్, అమెరికా సైన్యాల మధ్య జరిగిన యుద్ధం గురించి ఇక్కడ మళ్ళీ చెప్పను, ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల్లో ఒకినావా జనంలో నలుగురికి ఒకరు చొప్పున పోయారని గుర్తుంటే చాలు. మిగిలిన వాళ్ళని అమెరికన్ సైన్యం క్యాంపుల్లో పెట్టింది. దాదాపు ఏడాది పాటు డబ్బు అన్నదే చెలామణిలో లేదు, పనికి కూలీ లేదు, రేషన్ మీద బతకడమే. సైన్యం పారేసిన రేకు డబ్బాకి ప్యారాచూట్ తాళ్ళు బిగించి వాళ్ళ మూడు తీగెల వాయిద్యం సాన్‌షిన్ చేసుకున్నారు, కూలిన విమానాల అల్యూమినియం కరిగించి వంట గిన్నెలు పోశారు, కోక్ సీసాలు కోసి గ్లాసులు చేసుకున్నారు, వంటనూనె దొరక్క ఇంజన్ ఆయిల్‌లో టెంపురా (జపాన్ బజ్జీలు) వేయించుకు తిన్నవాళ్ళున్నారు. వీళ్ళు క్యాంపుల్లో ఉండగానే బయట కంచెలు పడ్డాయి. గినోవాన్ వాళ్ళు తిరిగొచ్చి చూస్తే పంచాయతీ ఆఫీసు, బడి, పైన్ చెట్ల రోడ్డు అన్నీ ఉన్న చోట రన్‌వే ఉంది, ఇక చేసేదేముంది, కంచె పక్కన దొరికిన జాగాలో గుడిసెలు వేసుకున్నారు. జనం బేస్ చుట్టూ చేరారు అంటున్నది దీన్నే.

కానీ నన్నడిగితే అసలు మలుపు 1945 కాదు. యుద్ధంలో గెలిచిన సైన్యం ఎయిర్‌ఫీల్డులు వేసుకోవడం ఎక్కడైనా జరిగేదే, యుద్ధం అయ్యాక ఇచ్చేసి పోతే కథ అక్కడితో అయిపోయేది. 1952 నుంచి 1958 దాకా ఆరేళ్ళలో జరిగినదే ఈరోజు గొడవ మొత్తానికీ మూలం, ఎందుకో గానీ వార్తల్లో దాని ఊసే ఉండదు.

1952 ఏప్రిల్ 28న జపాన్‌తో యుద్ధం ముగిస్తూ చేసుకున్న శాన్‌ఫ్రాన్సిస్కో శాంతి ఒప్పందం అమల్లోకి వచ్చింది, జపాన్‌కి స్వాతంత్ర్యం తిరిగొచ్చింది, ఒకినావాకి రాలేదు. మూడో ఆర్టికల్ ప్రకారం ఆ దీవులు అమెరికా చేతిలోనే ఉండిపోయాయి. 1947లోనే జపాన్ చక్రవర్తి హిరోహితో తరఫున అమెరికన్లకి ఒక సందేశం వెళ్ళింది, సార్వభౌమత్వం పేరుకి జపాన్‌దే ఉంచి ఒకినావాని పాతికో యాభయ్యో ఏళ్ళు, ఇంకా ఎక్కువైనా లీజు పద్ధతిలో మీరే ఉంచుకోండి అని. ఆ సంగతి 1979 దాకా జనానికి తెలీదు. మన వైపు నుంచి ఒక ముక్క చెప్పుకోవాలి ఇక్కడ: నెహ్రూ ప్రభుత్వం ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, 1951 ఆగస్టులో అమెరికాకి రాసిన నోట్‌లో చెప్పిన అభ్యంతరాల్లో ఈ దీవుల్ని జపాన్‌కి ఇవ్వకపోవడం కూడా ఒకటి. టోక్యో నోరెత్తని చోట ఢిల్లీ అడిగింది.

తర్వాత భూముల సంగతి. అమెరికన్లు 20 ఏళ్ళ లీజుకి అడిగారు, ఇస్తామన్న కౌలు ఎంతంటే ఒక త్సుబో, అంటే దాదాపు 4 గజాల నేలకి ఏడాది మొత్తం వచ్చే డబ్బులతో ఒక్క కోక్ సీసా కూడా రాదు. రైతులు ఎవడు ఒప్పుకుంటాడు, ఒప్పుకోలేదు. 1953 ఏప్రిల్‌లో 109వ ఆర్డినెన్స్ వచ్చింది, ఒప్పుకోకపోయినా బలవంతంగా తీసుకోవచ్చని. అదే ఏడాది డిసెంబర్‌లో ఇంకో ప్రకటన, ఇది ఇంకా అన్యాయం, ఇన్నాళ్ళుగా మేం ఆ భూమి వాడుతున్నాం కాబట్టి ఒప్పందం ఉన్నట్టే లెక్క అని. ఇది పాత కథేగా అనుకోవద్దు, 1997లో జపాన్ పార్లమెంటు చేసిన సవరణ కూడా దీనికి తోబుట్టువే. యజమాని సంతకం పెట్టకపోయినా, లీజు గడువు దాటిపోయినా బేస్ వాడకం ఆగకుండా చట్టం మార్చుకున్నారు.

1955 మార్చిలో ఇయె దీవిలో సైనికులు దిగి ఇళ్ళు తగలబెట్టి బుల్డోజర్లతో నేలమట్టం చేశారు, బాంబింగ్ ప్రాక్టీస్‌కి జాగా కావాలట. అక్కడి రైతుల నాయకుడు అహగోన్ షోకోని ఒకినావా గాంధీ అంటారు. వాళ్ళు అమెరికన్లతో ఎలా మాట్లాడాలో ముందే రూల్స్ రాసుకున్నారు: కోప్పడకూడదు, తిట్టకూడదు, మాట్లాడేటప్పుడు కూర్చునే ఉండాలి, చెయ్యి చెవి కంటే పైకి ఎత్తకూడదు. ఆ చివరిదాని వెనక లెక్క ఏంటంటే చెయ్యి పైకి లేస్తే దాడి చేశారని కేసు పెట్టడానికి ఛాన్స్ ఇచ్చినట్టే. భూమి పోయి తిండికి లేక అదే ఏడాది జులైలో ఒకినావా పెద్ద దీవికి వచ్చి దక్షిణం కొస నుంచి ఉత్తరం దాకా ఊరూరా అడుక్కుంటూ నడిచారు. అడుక్కోవడం సిగ్గే, మా భూమి ఆయుధాలతో లాక్కుని అడుక్కునేలా చేయడం ఇంకా సిగ్గు అని రాసుకుని మరీ తిరిగారు.

ఇక ఇసాహామా. గినోవాన్‌లోదే, మంచి వరి పండే ఊరు. మొదట ఊళ్ళో మగాళ్ళు బెదిరింపులకి లొంగి సరే అనేశారు, ఆడవాళ్ళు అడ్డం తిరిగారు, మగాళ్ళు ఒప్పుకుంటే ఒప్పుకోనీ, పిల్లలకి అన్నం పెట్టేది మేం, మేం ఒప్పుకోం అని నేరుగా అధికారుల దగ్గరికే వెళ్ళారు. దాంతో కొన్ని నెలలు ఆగింది. చుట్టుపక్కల నుంచి జనం వేలల్లో వచ్చి తోడు నిలబడ్డారు. 1955 జులై 19 తెల్లవారుజామున, జనం పల్చబడే దాకా చూసి సైన్యం దిగింది, తుపాకులతో ఊరిని చుట్టుముట్టి 32 ఇళ్ళు కూల్చేసింది, మాగాణి మీద సముద్రపు ఇసుక తోలేసింది. ఆ ఇసుక పడ్డాక అక్కడ ఇంకేం పండుతుంది. ఆ కుటుంబాల్లో కొన్ని రెండేళ్ళకి బ్రెజిల్ వెళ్ళిపోయాయి. పరిహారం, పునరావాసం లాంటి మాటలు మనం పేపర్లో రోజూ చదివేవే కాబట్టి తర్వాత ఏం జరిగి ఉంటుందో ఊహించడం మనకి కష్టం కాదు.

1956 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ నుంచి మెల్విన్ ప్రైస్ కమిటీ రిపోర్ట్ వచ్చింది, ఏళ్ళ కౌలు ఒకేసారి కట్టేసి భూమి శాశ్వతంగా ఉంచుకోవచ్చు, కొత్తగా కూడా తీసుకోవచ్చు అని. దానికి దీవి దీవంతా రోడ్డెక్కింది. సైన్యం సోల్జర్లని బేస్ బయటికి పోకుండా ఆపేసింది, దాంతో కోజా లాంటి టౌన్లలో బార్లు, షాపులు మూతపడి జనంలో జనానికే తగువు మొదలైంది. ఆ డిసెంబర్‌లో ఒకినావా రాజధాని నాహా మేయర్‌గా అమెరికన్ పాలనని ఎదిరించే సెనాగా కామెజిరో గెలిస్తే అమెరికన్లు బ్యాంకులో మునిసిపాలిటీ డబ్బులు ఆపేశారు, ఊరికి నీళ్ళు కట్టేశారు. జనం ఏం చేశారంటే పన్నులు కట్టడానికి క్యూ కట్టారు! ఏడాది తిరక్కుండానే రూల్స్ మార్చి మరీ ఆయన్ని దింపేశారు.

1958లో అమెరికా ఒక మెట్టు దిగింది, మొత్తం ఒకేసారి కట్టే పద్ధతి మానేసి కౌలు బాగా పెంచింది. దీన్ని గెలుపు అని రాసేవాళ్ళున్నారు, నాకు సగం గెలుపులా కూడా అనిపించదు. డబ్బు పెరిగింది, భూమి రాలేదు. పైగా ఈ లోపే జపాన్ ప్రధాన దీవిలో సునాగావా లాంటి చోట్ల బేస్‌ల మీద గొడవలు పెరుగుతుంటే అక్కడే గిఫు, యమనాషిలో ఉన్న అమెరికన్ మెరీన్లని ఒకినావాకి తరలించారు. అక్కడ ఓటర్లున్నారు, కోర్టులున్నాయి, ఇక్కడ సైనిక పాలన, ఇంకేం అడ్డు. ఈరోజు జపాన్ నేలలో 0.6 శాతం ఉన్న ఒకినావాలో అమెరికా సైన్యం ప్రత్యేకంగా వాడే జాగాలో 70 శాతం ఉండటానికి పెద్ద కారణం ఇదే, చైనా దగ్గరుందనో మ్యాప్‌లో మంచి చోటుందనో చెప్పేవి తర్వాత అతికించినవి.

1972 మే 15న ఒకినావా జపాన్‌కి తిరిగొచ్చింది, కంచెలు ఉన్నచోటే ఉన్నాయి, కౌలు మాత్రం టోక్యో కడుతోంది. 1995లో ముగ్గురు అమెరికన్ సైనికులు 12 ఏళ్ళ పాప మీద చేసిన ఘోరం తర్వాత 85 వేల మంది సభ పెట్టారు, దాని ఒత్తిడికే 1996లో ఫుటెన్మాని 5 నుంచి 7 ఏళ్ళలో ఇచ్చేస్తామన్నారు. అయితే బదులు బేస్ ఒకినావాలోనే కావాలన్నారు, అలా వచ్చిందే హెనోకో. 2019 ఫిబ్రవరి రెఫరెండంలో ఓటేసిన వాళ్ళలో 72 శాతం వద్దన్నారు. గవర్నర్ డెనీ తమాకి డిజైన్ మార్పుకి అనుమతివ్వకపోతే 2023 డిసెంబర్‌లో కేంద్రమే ఆయన బదులు సంతకం పెట్టేసుకుంది, జపాన్‌లో అలా జరగడం అదే మొదటిసారి. టోక్యో వాదన ఒక్కటే, ఊరి మధ్యలో ఉన్న ప్రమాదం పోవాలంటే హెనోకో తప్ప దారి లేదని. 2004లో హెలికాప్టర్ పక్కనే ఉన్న యూనివర్సిటీ మీద కూలింది కాబట్టి ప్రమాదం అన్నమాట నిజమే, ఆ ప్రమాదం అక్కడికి ఎలా వచ్చిందన్నదే వాళ్ళు చెప్పరు.

ఇప్పుడు పూడ్చడానికి మట్టి ఎక్కడిదన్నది ఇంకో తగువు. ప్లాన్‌లో దీవి దక్షిణ భాగం పేరు కూడా ఉంది, అది 1945లో జనం ఎక్కువగా చచ్చిన చోటు, ఇప్పటికీ ఎముకలు దొరుకుతున్నాయి. ఏళ్ళ తరబడి వాటిని ఏరుతున్న గుషికెన్ తకమత్సు దీని మీద 2021లో నిరాహార దీక్ష కూడా చేశారు. ఏ మట్టి వాడాలో ఇంకా తేల్చలేదని టోక్యో అంటోంది. ఔరా బే వైపు పని మొదలైన 2024 నుంచి లెక్కేస్తే మొత్తం పూర్తవడానికి దాదాపు 12 ఏళ్ళు, ఖర్చు అంచనా 93 వేల కోట్ల యెన్‌లు, ఫుటెన్మా గేటు తెరుచుకునేది ఆ తర్వాతే.