ఏ పొగ ఓజోన్ దాకా వెళ్తుంది? అపోహలు - వాస్తవాలు

గాలిలోని సన్నని కణాలను కొలవడం నా పని. హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్లకు పెద్ద అండ ఈసీఐఎల్ వైపు ఉన్న టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) బెలూన్ కేంద్రం. అక్కడ వదిలే పెద్ద బెలూన్లు పరికరాలను 30 కిలోమీటర్ల ఎత్తుకు, ఓజోన్ పొరలోకి మోసుకెళ్తాయి. ఆ మాట చెప్పగానే బంధువులు, కాలనీవాళ్లు అడిగే ప్రశ్నలే ఇవి.

అపోహ: భోగి మంటల పొగ ఓజోన్‌ను తినేస్తుంది. మే ఎండలు మండేది కూడా ఓజోన్‌కు చిల్లు పడటం వల్లే.

వాస్తవం: చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లబడి కదలకుండా ఉంటుంది. భోగి పొగ ఆ గాలిలోనే చిక్కుకుని మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మన నగరం మీద, ఓజోన్ పొర ఉండే గాలి పొర అయిన స్ట్రాటోస్ఫియర్ మొదలయ్యేదే దాదాపు 16 కిలోమీటర్ల ఎత్తున. ఇక ఓజోన్ ఆపేది అతినీలలోహిత కిరణాలను. మే నెల వేడికి కారణం అది కాదు.

అపోహ: అయితే ఏ పొగా అంత ఎత్తుకు పోదు.

వాస్తవం: పోతుంది. 2019-20లో ఆస్ట్రేలియా కార్చిచ్చుల వేడికి మంటల మీదే ఉరుముల మేఘాలు పుట్టి, పొగను స్ట్రాటోస్ఫియర్‌లోకి తోశాయి. నల్లటి మసి ఎండకు వేడెక్కి చుట్టూ ఉన్న గాలినీ వేడి చేసింది. అలా ఒక పొగ ముద్ద తనంతట తానే దాదాపు 35 కిలోమీటర్ల దాకా లేచింది. కింద ఉంటే వాన కడిగేసేది. పైన వాన లేదు, కాబట్టి నెలల తరబడి నిలిచింది.

పాత ఫ్రిజ్‌లు, ఏసీల్లో చల్లదనానికి వాడిన సీఎఫ్‌సీ వాయువుల నుంచి వచ్చిన క్లోరిన్ ఇంకా ఆ ఎత్తులో ఉంది. అందులో చాలా భాగం హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా, ఓజోన్ జోలికి పోకుండా ఉంటుంది. పొగ కణాలు ఆ ఆమ్లాన్ని తమలో కరిగించుకుంటాయి. వాటి మీద జరిగే చర్యల్లో క్లోరిన్ విడుదలై ఓజోన్‌ను విరగ్గొడుతుంది. 2020లో అంటార్కిటికా ఓజోన్ రంధ్రం ఈ పొగ వల్ల సుమారు 10 శాతం వెడల్పయిందని అమెరికా వాతావరణ రసాయన శాస్త్రవేత్త సుసాన్ సాలమన్ బృందం 2023లో అంచనా వేసింది. ఎక్కడో తగలబడిన అడవి ధ్రువం మీది ఆకాశాన్ని గాయపరచడం నన్ను బాగా కలచివేసింది.

అపోహ: అగ్నిపర్వతం బూడిదతోనే అసలు ప్రమాదం.

వాస్తవం: 2025 నవంబర్‌లో ఇథియోపియా బూడిద ఢిల్లీ దాకా వచ్చినప్పుడు అందరూ ఇదే అడిగారు. విమానాలకు అది ప్రమాదమే. కానీ బూడిద అంటే పొడైన రాయి, త్వరగానే కిందికి దిగిపోతుంది. పైన నిలిచేది సల్ఫర్ డయాక్సైడ్ నుంచి పుట్టే సల్ఫ్యూరిక్ ఆమ్లపు తుంపర్లు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో సుమారు కోటిన్నర టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ చిమ్మింది. ఆ తుంపర్లు ఎండను అడ్డుకోవడంతో మరుసటి ఏడాది భూమి దాదాపు అర డిగ్రీ చల్లబడింది. వాటి మీద కూడా క్లోరిన్ చర్యలు జరిగి ఓజోన్ తగ్గింది.

అపోహ: అలాంటి విస్ఫోటనం ఇంకొకటి వస్తే భూతాపం తీరిపోతుంది.

వాస్తవం: ఆ చల్లదనం రెండు మూడేళ్లదే. అన్నీ అలా చల్లబరుస్తాయన్న నమ్మకమూ లేదు. 2022 జనవరి 15న టోంగా దగ్గర సముద్రం అడుగున పేలిన అగ్నిపర్వతం సల్ఫర్ తక్కువగా, నీటి ఆవిరి మాత్రం దాదాపు 15 కోట్ల టన్నులు పైకి పంపింది. నీటి ఆవిరి వేడిని పట్టి ఉంచే వాయువు.

అపోహ: మనకన్నా అగ్నిపర్వతాలే ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి.

వాస్తవం: మనం వదిలేదానిలో ఒక్క శాతం కూడా కాదు.

అపోహ: ఓజోన్ సమస్య ఎప్పుడో తీరిపోయింది.

వాస్తవం: సీఎఫ్‌సీల్లాంటి వాయువుల వాడకాన్ని ఆపడానికి దేశాలు చేసుకున్న 1987 మాంట్రియల్ ఒప్పందం వల్ల క్లోరిన్ తగ్గుతోంది. అయినా అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థాయికి రావడానికి 2066 దాకా పడుతుందని అంచనా. ఈలోపు ఆస్ట్రేలియా లాంటి కార్చిచ్చులు తరచుగా వస్తే అది ఇంకా ఆలస్యమవుతుందేమో అన్నదే మా టెన్షన్.