ఓపెన్ సోర్స్ సముదాయానికి రాజకీయాలు ఎంతవరకు? అపోహలు - వాస్తవాలు

కొన్నేళ్లుగా ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగల సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టుల నిర్వహణలో పాలుపంచుకుంటున్న నాకు, కోడ్ మీద జరిగిన తగాదాల కన్నా ‘ఇక్కడ రాజకీయాలు మాట్లాడవచ్చా’ అన్న తగాదాల వల్లే ఎక్కువమంది మంచి కంట్రిబ్యూటర్లు (కోడ్ రాసి సహకరించేవారు) దూరమైనట్టు అనిపిస్తుంది. అటూ ఇటూ వినిపించే వాదనల్లో కొన్ని చరిత్రకే విరుద్ధమైనవి కనుక ముందుగా వాటితో మొదలుపెడతాను.

అపోహ: ఓపెన్ సోర్స్ పుట్టుకతోనే రాజకీయాలకు అతీతం; ఈ గొడవంతా ఇటీవల వచ్చినవారు తెచ్చిపెట్టినది.

వాస్తవం: 1983లో అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్మన్, అందరూ స్వేచ్ఛగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పుడు ఆయన చెప్పిన కారణం సాంకేతికమైనది కాదు, సాఫ్ట్‌వేర్‌ను ఇరుగుపొరుగుతో పంచుకునే హక్కుకు సంబంధించినది. 1989లో ఆ ప్రాజెక్టు కోసం వచ్చిన జీపీఎల్ లైసెన్స్ (కోడ్‌ను మార్చి పంచేవారు అదే స్వేచ్ఛను ఇతరులకూ ఇవ్వాలనేది), కాపీని అడ్డుకోవడానికి పుట్టిన కాపీరైట్ చట్టాన్నే కాపీ చేసుకునే స్వేచ్ఛకు కాపలాగా నిలబెట్టింది. 1998లో నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజర్ సోర్స్ కోడ్‌ను విడుదల చేస్తానని ప్రకటించిన కొద్దిరోజులకు కొందరు ‘ఓపెన్ సోర్స్’ అన్న కొత్త పేరు ఎంచుకున్నది, నైతిక వాదనను వెనక్కి నెట్టి వ్యాపార సంస్థలకు నచ్చే ప్రయోజనాలను ముందుకు తేవడానికే. రాజకీయాలు వద్దనుకోవడం కూడా ఆ రోజు ఆలోచించి వేసిన రాజకీయ ఎత్తుగడే. ఆ తరువాత 2005 జూలైలో సాఫ్ట్‌వేర్ పేటెంట్ల (ప్రోగ్రామింగ్ ఆలోచనల మీద గుత్తహక్కుల) ప్రతిపాదనను యూరోపియన్ పార్లమెంటు 14 ఓట్లకు వ్యతిరేకంగా 648 ఓట్లతో తిరస్కరించడం వెనుక ఏళ్ల తరబడి ప్రచారం చేసిన డెవలపర్లు కూడా ఉన్నారు. తమ పనికే ఎసరు పెట్టే చట్టం వచ్చినప్పుడు ‘మేము కోడ్ మాత్రమే రాస్తాం’ అని వారు అనుకోలేదు.

అపోహ: చెడ్డవారు వాడకుండా లైసెన్స్‌లో ఒక వాక్యం చేర్చితే సరిపోతుంది.

వాస్తవం: ఏ లైసెన్స్‌ను ఓపెన్ సోర్స్ అనవచ్చో తేల్చే ‘ఓపెన్ సోర్స్ నిర్వచనం’ అనే పత్రంలోని 5, 6 నిబంధనలు వ్యక్తుల పట్ల, సమూహాల పట్ల, వినియోగ రంగాల పట్ల వివక్షను నిషేధిస్తాయి. 2018 ఆగస్టులో లెర్నా అనే జావాస్క్రిప్ట్ పరికరం లైసెన్స్‌లో, అమెరికా వలస నియంత్రణ సంస్థతో పనిచేసే కంపెనీలు దాన్ని వాడరాదన్న నిబంధన చేర్చారు. ఒకటి రెండు రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అలాంటి ఆవేదన పట్ల నాకు సానుభూతి ఉంది. అయితే ఎవరు చెడ్డవారో తేల్చే న్యాయస్థానం ప్రతి ప్రాజెక్టులోనూ వెలిస్తే, వందలాది ప్యాకేజీలను (ఇతరులు రాసిపెట్టిన కోడ్ భాగాలను) కలిపి ఒక వ్యవస్థను తయారుచేసేవారు అన్ని తీర్పులనూ ఒకేసారి పాటించడం అసాధ్యం. పైగా అదనపు ఆంక్షలను అనుమతించని జీపీఎల్‌తో అవి పొసగవు.

అపోహ: ప్యాకేజీ రాసింది నేను కనుక దాని ద్వారా నిరసన తెలపడం నా హక్కు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. 2022 మార్చిలో నోడ్-ఐపీసీ అనే ప్యాకేజీ మెయింటైనర్ (నిర్వాహకుడు), యుక్రెయిన్‌పై దాడికి నిరసనగా, రష్యా, బెలారస్ ఐపీ చిరునామాలు (ఇంటర్నెట్‌లో యంత్రం ఏ ప్రాంతానిదో సూచించే సంఖ్యలు) ఉన్న యంత్రాల్లోని ఫైళ్లను చెరిపివేసే కోడ్‌ను కొత్త వెర్షన్లలో చేర్చాడు. ఆ దాడిని ఖండించేవారు కూడా ఈ పద్ధతిని ఎందుకు సమర్థించలేకపోయారో ఆలోచించాలి. పాలకుడెవరో, ఆ పాలకుణ్ణి ఎదిరిస్తూ అదే ఊళ్లో కూర్చున్నవాడెవరో ఐపీ చిరునామాకు తెలియదు. అంతకన్నా లోతైన నష్టం మరొకటి ఉంది: భద్రతా లోపాలు త్వరగా సరికావాలంటే జనం అప్‌డేట్లను సంకోచం లేకుండా స్వీకరించాలి, ఆ నమ్మకం ఒక్కసారి చెడితే వారు పాత, లోపభూయిష్టమైన వెర్షన్ల దగ్గరే ఆగిపోతారు. ప్రాజెక్టు వెబ్‌సైటులో ఒక ప్రకటన పెట్టడం వేరు, వినియోగదారుడి యంత్రంలో అతనికి తెలియకుండా చేయి పెట్టడం వేరు. మొదటిదాని మీద ఎంతైనా వాదించుకోవచ్చు, రెండోదానికి చర్చే అక్కరలేదని నా అభిప్రాయం.

అపోహ: మనం రాజకీయాల జోలికి వెళ్లకపోతే అవి మన జోలికి రావు.

వాస్తవం: అమెరికా ఆంక్షల కారణంగా 2019లో, కోడ్‌ను దాచి పంచుకునే వెబ్‌సైటైన గిట్‌హబ్ ఇరాన్, సిరియా, క్రిమియా వినియోగదారులకు ప్రైవేటు రిపాజిటరీలను (ఇతరులకు కనిపించని కోడ్ నిల్వలను) నిలిపివేసింది, ఇరాన్ విషయంలో ప్రభుత్వ అనుమతి సంపాదించి 2021 జనవరిలో పునరుద్ధరించింది. 2024 అక్టోబరులో లినక్స్ కెర్నెల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం) మెయింటైనర్ల జాబితా నుంచి రష్యాతో సంబంధమున్న సుమారు డజను మంది పేర్లు తొలగిపోయాయి. చట్టాన్ని పాటించక తప్పదన్న మాట నిజమే కావచ్చు గానీ, ఏళ్ల తరబడి పనిచేసినవారిని పంపేటప్పుడు ‘నిబంధనల దృష్ట్యా’ అన్న ముక్తసరి వివరణతో సరిపెట్టడమే ఎక్కువమందిని నొప్పించింది. ఇలాంటి రోజు వస్తే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకున్న సముదాయాలు చాలా తక్కువ. మాదీ ఆ తక్కువలో లేదు.

అపోహ: ప్రవర్తనా నియమావళి అంటే ఒక వర్గం అభిప్రాయాలను అందరి మీదా రుద్దడం.

వాస్తవం: సరిగా రాసిన నియమావళి ఎదుటివారితో మెలిగే తీరును నియంత్రిస్తుంది, ఎన్నికల్లో ఎవరికి ఓటు వేయాలో చెప్పదు. అసలు బలహీనత అమలులో ఉంటుంది. ఫిర్యాదు ఎవరు వింటారో, నిర్ణయాన్ని ఎవరు పునఃపరిశీలిస్తారో రాయని నియమావళి మీద అనుమానాలు రావడం సహజం.

అపోహ: ప్రతి అన్యాయం మీదా సముదాయం పేరిట ప్రకటన రావాలి, మౌనం అర్ధాంగీకారం.

వాస్తవం: సముదాయం పేరిట మాట్లాడితే, ఏకీభవించని సభ్యుల నోటితోనూ మాట్లాడినట్టే. అందుకే నేను ఒక్క ప్రశ్నే అడుగుతాను: ఈ విషయం మన సాఫ్ట్‌వేర్‌ను గానీ, దాన్ని రాసేవారిని, వాడేవారిని గానీ నేరుగా తాకుతోందా? తాకితే సముదాయం పేరిట మాట్లాడాలి, లేకపోతే ఎవరి పేరిట వారు మాట్లాడుకోవాలి. వివాదాల మధ్య తప్పుకున్న స్టాల్మన్ 2021లో తాను స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ బోర్డులోకి తిరిగి రావడంపై, లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసే డెబియన్ ప్రాజెక్టు తన సభ్యులనే ఓటు అడిగింది. ఆయన తప్పుకోవాలనడం నుంచి ఆయనకు మద్దతు పలకడం వరకు పలు ప్రతిపాదనలు ఉన్నా, ఈ విషయంపై డెబియన్ బహిరంగ ప్రకటన చేయదన్న ప్రతిపాదనే నెగ్గింది. అది తాకే విషయమో కాదో మా మధ్య ఇప్పటికీ వాదన ఉంది. కానీ ఆ మౌనానికి ఒప్పుకొన్నదెవరని మాత్రం ఎవరూ అడగలేరు, ఓట్ల లెక్క అందరి ముందూ ఉంది.